నాంచారమ్మ చెప్పిన పేరు

మిరపచేల అవతల పాడుబడ్డ మోటబావి ఉంది చూశారూ, గొడ్లు కూడా అటేపు మెడ తిప్పవు, అది నాంచారమ్మ బావి. దగ్గరికి జరగండర్రా, అరిచి చెప్పే ఓపిక లేదు నాకు.

నాంచారమ్మకి మొగుడు పోయిన రెండేళ్ళకి కడుపొచ్చింది. ఊరంతా కూచోబెట్టి ఎవరిదే అని అడిగితే నోరిప్పలా, తెల్లారేసరికి ఆ బావిలో తేలింది. పాపం, అంతమందిలో ఎట్టా చెప్తది, మీరైతే చెప్పేవాళ్ళా? అప్పట్నించీ ఒక మాట పుట్టింది, కడుపుతో ఉన్న మనిషి ఆ బావిలోకి వంగితే, బిడ్డ తండ్రెవరో నాంచారమ్మ చెప్తదని.

ఇక నేను కాపరానికొచ్చిన ఏడు, మా పక్కింటి తిరపతమ్మకి నెల తప్పింది. మొగుడు ఏడుకొండలు డ్యాం పనికి పోయి ఆరు నెలలాయె, మధ్యలో ఒక్క రాత్రి వచ్చి పోయాడు, అదీ అత్త ఊళ్ళో లేనప్పుడు. ఆ రాత్రి బిడ్డేనని తిరపతమ్మ మొత్తుకుంది. అత్త నమ్మలా, తిరిగొచ్చిన మొగుడికీ లోపలెక్కడో అనుమానం, దాంతో బావి దగ్గర అడిగించాల్సిందేనని పట్టుబట్టారు. ఊరిపెద్ద గురవయ్య ఒక్కడే వద్దంటే వద్దన్నాడు, వట్టి మనిషి కాదు, జడుసుకుంటదన్నాడు. ఎంత దయగల మనిషో అనుకున్నాం మేమంతా.

మిట్టమధ్యాన్నం తీసుకెళ్ళారు. గురవయ్యా రాక తప్పలా. తిరపతమ్మ చెయ్యి నేనే పట్టుకున్నా. వంగమంటే వంగింది గానీ, అడగమంటే తల అడ్డంగా ఊపింది, అప్పుడు ఏడుకొండలే బావిలోకి అరిచాడు, "బిడ్డకి తండ్రెవరు?" అని.

అప్పటికే ఎండిపోయిన ఆ బావిలోంచి, నీళ్ళు మింగుతున్న గొంతొకటి వచ్చింది.

"నా బిడ్డకా? గురవయ్య."

గురవయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. కాదన్లా, చూడండి. పేరు చెప్పొద్దని ఆనాడు తనే నాంచారమ్మ కాళ్ళు పట్టుకున్నానని చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏం లాభం?

తిరపతమ్మ లేచి మొగుణ్ణి చూసి, "ఇంకా అడుగుతావా?" అంది.

"వద్దే, ఇంటికి పోదాం పద," అన్నాడు ఏడుకొండలు, వట్టి కాళ్ళతో ఉన్న ఆమెకి తన చెప్పులిచ్చి, తను పల్లేరుకాయల మీద నడిచాడు. అత్త వెనకాలే తలొంచుకుని వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. ఎవరి పోలిక అని ఊళ్ళో ఒక్కరన్నా నోరెత్తితే ఒట్టు.

అటేపు పోకండర్రా. ఆడపిల్లలు దారి తప్పి పోయినా ఏం కాదులే, మగాళ్ళకే చెప్తున్నా. ఆవిడకి ఇంకెన్ని పేర్లు తెలుసో ఏమో.