ఆకుపచ్చా, నీలమా

ఆబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్. గిరాకీ లేని మధ్యాహ్నం, యాప్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరిన అమ్మాయి, ఆ దుకాణం నడిపే మేనత్త చేతికి ఫోన్ ఇచ్చింది.

“పరీక్ష నీకు కాదత్తా, మా యాప్‌కు. వాడేటోళ్లకు ఏడ తిప్పలైతుందో చూసుడే నా పని.”

“మస్తుగున్నదని రాసుకో. నీ నౌకరీ పక్కా అయితది.”

“తప్పులు పట్టుకుంటేనే పక్కా చేస్తరు. చెప్పు, పైసలు కట్టాలంటే ఏది నొక్కుతవ్?”

“గీ ఆకుపచ్చది.”

“అది నీలం అత్తా.”

“నాకే రంగులు నేర్పుతున్నవా? చీరలకు జాకెట్ ముక్కలు కలుపుడే నా బతుకు.”

“అయితే ఈ రెండు ముక్కలల్ల నీలం ఏదో చూపియ్యి.”

“రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి గద.”

“ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. కండ్లు మసకగున్నయా అత్తా?”

“జర మబ్బుగనే ఉంటున్నయి. ట్యూబ్‌లైట్ పాతదైందనుకున్న.”

“శుక్లాలేమో. ఫికర్ చెయ్యకు, ఆపరేషన్‌తోని పోతయి. పద, దవాఖానకు పోదాం.”

“ఆగు. మొన్న గౌలిగూడ ఆమె, నీలం చీరకు ఆకుపచ్చ ముక్క ఇచ్చిన్రని వాపస్ తెచ్చింది. నీకే కండ్లు కనపడ్తలేవని కొట్లాడి పంపిన.”

“మరి ఇప్పుడేం చేద్దాం?”

“నీలం ముక్క నువ్వే చూసి తియ్యి. ముందు ఆమె ఇంటికి పోదాం. దవాఖాన తర్వాత.”