పలువరుస

"మామా, నీ ఆపరేషన్ రేపేనంట! తుమకూరు డాక్టరు ఒప్పుకున్నాడు!"

నాగలమడిక నుంచి వచ్చి మూడు రోజులుగా ఆస్పత్రి వరండాలో మహారాజుగారి పటం కింద పడుకొని ఉన్న అతని దగ్గరికి, పెళ్ళయి నెల తిరగని భార్య పరుగున వచ్చింది.

"గజ్జల్లో గడ్డ కోస్తే నొప్పి ఉండదామ్మే?"

"క్లోరోఫారం పట్టిస్తారంట. ఒళ్ళు తెలీని నిద్ర. ఈ రాత్రి నుంచి నీకు కూడు లేదు, నీళ్ళు గూడా లేవు."

"ఇంకేమన్నా అడిగినాడా?"

"మీ ఆయనకు కట్టుడు పండ్లు ఉండాయా అన్నాడు. నాకు నవ్వొచ్చె. జొన్నగింజలు పేర్చినట్ల ఉండే ఆ పండ్లు చూసే కదా సార్ నేను పెండ్లికి ఊ అన్నది, అన్నీ సొంతవే అని చెప్పినా. చీటీలో రాసుకున్నాడు."

అతని నాలుక, ముందరి రెండు పళ్ళను పట్టి ఉంచిన తీగను తడిమింది. పెళ్ళిచూపులకు పది రోజుల ముందు బెంగుళూరు వెళ్ళి పెట్టించుకున్న పళ్ళవి.

"ఎందుకడిగినాడో?"

"నిద్రలో ఊడి గొంతులోకి జారితే ఊపిరాడదంట. నీకెందుకు లే ఆ గోల."

"నేనే డాక్టరుతో ఒక మాట..."

"ఏం మాట?"

"ఏమీ లేదులే."

"ఏంది మామా, భయమా? ఏదీ, ఒకసారి నవ్వు."

అతను నవ్వాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"రేపు పొద్దున ఏడు గంటలకు లోపలికి తీసుకుపోతారు. నేను వాకిట్లోనే నిలబడింటా. ఇట్లే నవ్వుతా పోవల్ల నువ్వు."

"అట్లే పోతాలేమ్మే."