మా బడి మీద సులోచన సంతకం

"అమ్మమ్మా, ఎమ్మెల్యే గారు మన చర్చిలో ఏడ్చిందంట గదా, ఆ సంగతి మొదట్నించీ చెప్పవా? ఫోన్లో రికార్డు చేసుకుంటా."

ఎమ్మెల్యే గారేందే, ఎమ్మెల్యే గారు! సులోచన. మన టీచరమ్మ కూతురు. నా చంకనెక్కి తిరిగిన పిల్ల. బయటోళ్ళ ముందు నేనూ గారు అంటాలే, ఆమె మర్యాద ఆమెకుండాలి గదా. నీ దగ్గరేంది? ఆ ఫోను కొంచెం ఎడంగా పెట్టు, నోట్లో కుక్కేట్టున్నావు.

నీకు టీచరమ్మ గుర్తుండదు. నువ్వు పుట్టేలోపే పోయింది మహాతల్లి. ఒంగోలు నించి పొద్దున్నే బస్సెక్కి, రోడ్డు మీద దిగి, గొడుగేసుకుని నడిచొచ్చేది మన బడికి. అప్పుడు బడంటే ఏముంది, తాటాకు పాక. తర్వాత మీ తాతోళ్ళు నలుగురూ కలిసి రాళ్ళు మోసి గోడలు లేపారు. మీ తాతకి నడుం నొప్పి అప్పుడొచ్చిందే, చచ్చేదాకా పోలా. పలక అర్ధరూపాయి ఆ రోజుల్లో. అర్ధరూపాయి కూడా లేక మీ అమ్మ పగిలిన పలకతోనే రెండేళ్ళు నెట్టుకొచ్చింది. టీచరమ్మ చూసి చూసి ఒకరోజు తన సంచిలోంచి కొత్తది తీసి ఇచ్చింది. మీ అమ్మ దాన్ని వాటేసుకుని పడుకుంది ఆ రాత్రి. ఏం చెప్తున్నా? ఆఁ, సులోచన.

దాన్ని కూడా వెంటబెట్టుకొచ్చేది టీచరమ్మ. ఇక్కడే చదివింది అయిదు దాకా. బడి అయిపోగానే నా దగ్గరికి మిరప కల్లంలోకి పరిగెత్తుకొచ్చేది. మేం తాలు కాయలు ఏరుతుంటే అదీ కూర్చునేది, అంటే పాలిపోయిన కాయలు వేరే, ఎర్రవి వేరే చెయ్యాలి గదా, ఆ పని. ఒకరోజు ఆ చేతులతోనే కళ్ళు నలుపుకుంది. అబ్బో, ఊరంతా ఒకటే కేకలు! చన్నీళ్ళతో కడిగి కడిగి, రెప్పల మీద వెన్న రాసి, ఒళ్ళో పడుకోబెట్టుకున్నా. "పెద్దమ్మా, గుడ్డిదాన్నయిపోతానా?" అంటుంది. నాకు నవ్వు ఒక పక్క, ఏడుపు ఒక పక్క.

అట్టాంటి పిల్ల ఎమ్మెల్యే అయ్యింది. ఓట్లప్పుడు మాట ఇచ్చింది, "అసెంబ్లీ సభ అయిపోయినప్పుడల్లా వచ్చి అక్కడ ఏం జరిగిందో మీకు చెప్తా" అని. అందరూ చెప్తార్లే అనుకున్నాం. కానీ వచ్చేది! నిజంగానే వచ్చేది. ఒకసారి ఆ హిందువుల బజార్లో రైతుల దగ్గర, ఒకసారి మన పేటలో. కుర్చీ వేస్తే కూర్చోదు, అరుగు మీదే.

ఆ ఆదివారం ఏమైందంటే, కాయలన్నీ కల్లంలో ఆరబోసున్నాయి. ఇంట్లో ఉన్నదంతా అక్కడే ఉంది. చర్చిలో మన పాస్టరు అయ్యగారు ప్రసంగం చెప్తున్నారు. టపటపా చినుకులు! కాలం గాని కాలంలో వాన. ఆడోళ్ళు ఎవరూ లేవలా. దేవుని సన్నిధిలోంచి ఎట్టా లేస్తాం? కానీ ఒక్కరి మొహంలోనూ ప్రాణం లేదు. అయ్యగారు చూశాడు, చూసి పుస్తకం మూశాడు. "ముందు మీ కాయలు కప్పుకుని రండమ్మా, ప్రభువు ఎక్కడికీ పోడు" అన్నాడు. ఇంక చూడు, కొంగులు బిగించి ఒకటే ఉరుకుడు.

సరిగ్గా అప్పుడే దిగింది కారు. సులోచన చెప్పులు విడిచేసి, కాయల మీద కప్పే పట్టా ఒక కొస తను పట్టుకుంది. "నువ్వెందుకమ్మా" అంటే వినదే! ఆమె వెనక తుపాకీ అబ్బాయి, అదే, గన్‌మేను, తుపాకీ భుజానేసుకుని పట్టాల మీద బరువుకి రాళ్ళు మోస్తున్నాడు పాపం. మీ రోసత్త అతన్ని కూడా పనోడల్లే "ఒరేయ్, ఆ మూల, ఆ మూల" అని కేకలు. తడిసి ముద్దయి అందరం మళ్ళీ చర్చిలో కూర్చున్నాం.

చర్చిలో రాజకీయాలు మాట్లాడకూడదు, అది అయ్యగారి నియమం. కానీ బయట వాన. ఆశీర్వాదం అయిపోయాక, సరే, ఇక్కడే చెప్పుకోమన్నాడు. మైకు తీసి, అలవాటు చూడు, "ఇప్పుడు మన సహోదరి సులోచన గారు సాక్ష్యం చెప్తారు" అనేశాడు! సాక్ష్యం అనేసరికి మా ఆడోళ్ళందరూ సర్దుకుని కూర్చున్నారు. సాక్ష్యంలో దేవుడు చేసిన మేలు ఒక్కో మాట చెప్తుంటే స్తోత్రం అనాలి గదా, అది మాకు నోట్లో పడిపోయింది.

ఆమె మొదలుపెట్టింది. "మిరప ధర గురించి మాట్లాడదామని లేచాను, రెండు నిమిషాలే ఇచ్చారు" అంది. "స్తోత్రం!" అన్నారు. "మాట మధ్యలో మైకు ఆపేశారు." "స్తోత్రం!" "పత్తి కొనే కేంద్రం ఇంకా తెరవలేదు, తేమ ఉందని వంక పెడుతున్నారు." "స్తోత్రం, స్తోత్రం!" నేను రోసత్తని గిల్లా, ఏందే మీ స్తోత్రాలు అని. ఆపితేగా! "సాగరు కాలవ నీళ్ళు చివరి పొలాలకి రావట్లేదు" అంటే కూడా స్తోత్రమే. సులోచనకి నవ్వొచ్చి మైకు మొహానికి అడ్డం పెట్టుకుంది. గన్‌మేను అయితే గోడకి తిరిగి నవ్వుకుంటున్నాడు. అయ్యగారికి అర్థమయ్యి తల పట్టుకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత బడి మాటొచ్చింది.

నీకు తెలుసుగా, నువ్వప్పుడు ఉద్యోగం పరీక్షలకి చదువుకుంటా గుంటూరులో ఉన్నా మీ అక్క చెప్పే ఉంటది. మన బడిలో మూడు, నాలుగు, అయిదు తరగతులు ఎత్తేసి, రోడ్డవతల హైస్కూల్లో కలిపారు. ఆ రోడ్డు సంగతి నీకు చెప్పాలా? చీమకుర్తి నించి రాళ్ళ లారీలు. ఇంత ఇల్లంత బండ గొలుసులేసి కట్టుకుని పోతుంటయ్. అది వస్తుంటే మన ఇంట్లో సత్తు గిన్నెలు కదుల్తయ్. దాన్ని దాటి పోవాలి మీ అక్క కూతురు చిట్టి. ఎనిమిదేళ్ళది. మీ అక్క పనికి పొద్దున ఆరింటికే పోద్ది, నాకా మోకాళ్ళు రావు. అది ఇంటికి తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలోనే. అన్నం కూడా సహించేది కాదే తల్లీ, ఒట్టు.

సులోచన ఏమందంటే, "అది పై నించి వచ్చిన ఆర్డరు, అధికారులు దూరం కొలిచి రాశారు, నేను మాట్లాడతా" అంది. గబగబా అనేసింది. తల ఎత్తలా. నేను అప్పుడు పట్టించుకోలా ఆ సంగతి.

సాక్ష్యం అయ్యాక ప్రార్థన మనవులు అడగటం ఆనవాయితీ. అయ్యగారు ఆ ధోరణిలోనే అడిగేశాడు. నేను లేచా. కళ్ళు మూసుకుని చెప్పా. "ప్రభువా, మా పిల్లలు ఆ రోడ్డు దాటిపోతున్నారు. ఆ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో మాకు తెలవదు. ఎవరైనా సరే, వాళ్ళని శిక్షించమాక. వాళ్ళకీ పిల్లలుంటారు. వాళ్ళ బిడ్డలు ఏ రోడ్డు దాటినా నువ్వే చెయ్యి పట్టుకుని దాటించు" అన్నా. తిట్టాలనే ఉండిందే లోపల, అబద్ధమెందుకు. కానీ చర్చిలో తిట్టకూడదు గదా, అందుకని అట్టా అన్నా.

"ఆపు పెద్దమ్మా" అని వినపడింది.

కళ్ళు తెరిస్తే, సులోచన. మొహం ఎర్రగా కందిపోయింది. "ఆ సంతకం నాదే పెద్దమ్మా" అంది.

రేకుల మీద వాన చప్పుడొకటే. ఆమే చెప్పింది అంతా. అధికారులు కలిపేసే బడుల పేర్లన్నీ ఒక జాబితా వేసి, మీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టమని తెచ్చారంట. ఆ రోజు ముహూర్తాలు, ఒకటే పెళ్ళిళ్ళు, ఒక పెళ్ళి నించి ఇంకో పెళ్ళికి పోతా కారు ఆపి, కారులోనే ఒళ్ళో కాగితం పెట్టుకుని గీకేసిందంట. చదవలా. అందులో మన ఊరుందని తర్వాత తెలిసింది. తెలిశాక చెప్పటానికి నోరు రాలా. "ఇప్పుడు కూడా ఆర్డరు మీద నెట్టేశాను. మీరు నా పిల్లల కోసం ప్రార్థన చేస్తుంటే ఇంక వినలేకపోయాను" అని మైకు పట్టుకునే ఏడ్చేసింది.

నేనేం చేశానంటావు? దగ్గరికి తీసుకోవాల్సింది. తీసుకోలా. ఎక్కడ లేని కోపం వచ్చింది. "మీ అమ్మ వానలో గూడా బస్సు దిగి నడిచొచ్చి ఆ బడి తలుపు తీసేదే. నువ్వు కారు దిగకుండా మూసేశావా?" అన్నా. చర్చిలోనే అన్నా. అంత మాట... ఇప్పటికీ తల్చుకుంటే గుండె పీకుద్ది. అమ్మ లేని పిల్లని.

ఇంకొకరైతే విసవిసా పోయేవాళ్ళు. అది పోలేదు. "ఏం చెయ్యమంటారో చెప్పండి" అంది. మీ రోసత్త ఊరుకుంటదా! "ఏం చేస్తావో మాకేం తెలుసు? రేప్పొద్దున వచ్చి మా పిల్లలతో ఆ రోడ్డు దాటు ముందు" అంది.

వచ్చింది. సోమవారం పొద్దున్నే, కారు ఊరి బయటే ఆపేసి, నడిచి. చిట్టి సులోచన వేలు పట్టుకుంది. నేను కూడా కర్ర పట్టుకుని రోడ్డు దాకా పోయా. లారీ మీద లారీ. సులోచన సందు చూసి పరిగెత్తబోతే చిట్టి ఆపింది. "పరిగెత్తకూడదు ఆంటీ, పడిపోతాం. డ్రైవరు మొహంలోకి చూడాలి. ఆయన చెయ్యూపితేనే పోవాలి. ఊపకపోతే ఆగాలి" అని చెప్తా ఉంది. "ఎవరు నేర్పారమ్మా?" అంటే, "మాకు మేమే" అంది. సులోచన అవతలికి దాటాక బిడ్డని ఎత్తుకుని, దాని భుజంలో మొహం పెట్టుకుంది. చిట్టి నా వంక చూస్తుంది, ఈ ఆంటీకి ఏమైంది అన్నట్టు.

తర్వాత సభలో లేచింది. మేం రోసత్త ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం అందరం. "ఆ సంతకం చదవకుండా పెట్టాను, అది నా తప్పు, వెనక్కి తీసుకుంటున్నా" అంది అంతమందిలో. అవతలి పార్టీ వాళ్ళు బల్లలు చరుస్తున్నారు, సంతోషంగా. సొంత పార్టీ వాళ్ళే కూర్చోమని చెయ్యి పట్టి లాగుతున్నారు. చెయ్యి విదిలించుకుని మళ్ళీ లేచింది. మళ్ళీ లాగారు. మళ్ళీ లేచింది. రోసత్త అయితే టీవీలోకి వేలు పెట్టి, "వదలండ్రా పిల్లని!" అని అరుపు.

నెలో, రెండు నెలలో అయినాక ఆర్డరొచ్చింది. మూడు తరగతులూ మళ్ళీ మన బళ్ళోకి. ఈ ఏడాదికి మాత్రమే అని రాశారంట గానీ, వచ్చాయి. చిట్టి ఇప్పుడు బడి నించి అరిస్తే నాకు ఇంట్లోకి వినపడుద్ది.

మొన్న ఆదివారం మళ్ళీ వచ్చింది సులోచన. చర్చి మెట్ల మీద కూర్చుని చెప్పింది ఈసారి. బాగా చిక్కిపోయింది. కాలవ నీళ్ళ సంగతి ఇంకా తేలలేదంది, పత్తి కేంద్రం తెరుస్తారంట గానీ ఎప్పుడో తెలవదంది. తెలవంది తెలవదనే చెప్పింది. "బడి పై ఏడు ఏమవుద్దో మాట ఇవ్వలేను పెద్దమ్మా. మళ్ళీ నాకు టికెట్ లేదని పైనించి కబురు చేశారు" అంది.

మా ఆడోళ్ళు గొల్లుమన్నారు. నాకేమో, నా ప్రార్థన వల్లే గదా ఇదంతా, ఊరుకుంటే పోయేది గదా అనిపించింది. అదే అన్నా దానితో, "నా మూలంగా పోయిందే నీకు" అని. తల అడ్డంగా ఊపింది. ఆ సంతకం సంగతి తెలిసినకాడ్నించీ రాత్రిళ్ళు కన్ను మూతపడేది కాదంట, లారీ హారను వినపడేదంట నిద్రలో. "సభలో చెప్పొచ్చిన రోజు పడుకున్నా పెద్దమ్మా, తెల్లారిందాకా లేవలా" అంది. "నా కోసం ప్రార్థన చెయ్యి" అని తల వంచింది నా ముందు, ఎమ్మెల్యే.

చెయ్యి పెట్టా. "టికెట్ అడగను తల్లీ, నాకు అడగటం చేతకాదు. నీకు రోజూ అట్టాగే నిద్ర పట్టాలని అడుగుతా" అన్నా. నా మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఈసారి దగ్గరికి తీసుకున్నా.

అంతేనే. ఇంకేముంది చెప్పటానికి... నీక్కూడా రోజూ అదే అడుగుతానే నేను, ఉద్యోగం తర్వాత సంగతి. ఆపు, ఆపు ఆ ఫోను. ఇటు రా తల్లీ, తల ఇట్టా పెట్టు.