నాలుగు గంటలక్క

అధ్యక్షులవారికి, ముందు వరసలోని పెద్దలకు, కాన్పుల గదిని ఒక్కరికే అప్పగించి పరుగున వచ్చిన సిస్టర్లకు, ఈరోజు రిటైరవుతూ, యూనిఫాం లేకపోయేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్న మా హెడ్ నర్సు అక్కకు నమస్కారం.

అక్కని మనమంతా నాలుగు గంటలక్క అంటాం, ఆవిడ వినేలాగే అంటాం. (నవ్వులు) నొప్పులు రాని గర్భిణికి ముందు మాత్ర ఇస్తాం, అది చాలకపోతే డ్రిప్పు పెడతాం. రెండిటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ ఎడం పూర్తయ్యేదాకా డ్రిప్పు స్టాండుని తన కుర్చీ పక్కకి లాక్కుని కాపలా కూర్చునే మనిషి ఈ లోకంలో ఈవిడొక్కరే అనుకుంటాను.

పద్దెనిమిదేళ్ళ కిందట నేను కొత్త డాక్టర్ని, చదువు ఇంకా తలకెక్కి దిగలేదు. మాత్ర ఇచ్చి రెండు గంటలైనా ఒకామెకి నొప్పులు రాలేదని, డ్రిప్పు పెట్టమన్నాను. "రెండు మందులూ వాడదాం డాక్టరమ్మా, నేనేం కాదన్నానా? రెండూ ఒకేసారి మీద పడితే లోపల బిడ్డ తట్టుకోవద్దూ?" అంది అక్క. డాక్టరు నేనా నువ్వా అని అరిచాను. "మీరే. స్టాండు మాత్రం నాది" అంది. (నవ్వులు)

గంట తిరక్కుండానే ఒక్క మాత్రకే నొప్పులు ముంచుకొచ్చాయి. ఒక్కో నొప్పికి బిడ్డ గుండె చప్పుడు తగ్గి, మళ్ళీ కోలుకుంటోంది. అప్పటికే డ్రిప్పు కూడా ఎక్కుతూ ఉంటే ఆ గుండె కోలుకునేది కాదేమో. బిడ్డ గట్టిగానే ఏడ్చింది, అదృష్టం.

ఇక నవ్వకండి. నొప్పులు మొదలవకముందు, ఆ గంటలోనే నేను పంతానికి పోయి, మాట వినలేదని అక్క మీద ఫిర్యాదు రాసిచ్చాను. నా పేరు బయటపెట్టొద్దని పెద్దడాక్టరుగారిని బతిమాలాను. తప్పు నాదని తెలిశాక కూడా సిగ్గుతో వెనక్కి తీసుకోలేదు. దాని మూలాన అక్కకి రావలసిన ప్రమోషన్ ఆరేళ్ళు ఆగింది. తప్పంతా నాదేనని ఈ పొద్దున రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆలస్యమైందని తెలుసు. క్షమించక్కా.

ఏంటక్కా? రాసింది నేనేనని తెలుసా? ఎప్పట్నుంచి?

ఆ వారంలోనేనా!

మరి ఆ మరుసటేడు నా కాన్పులో, సెలవు రోజున ఇంట్లో పని వదులుకొచ్చి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారే... అన్నీ తెలిసేనా?

ఇంకేం మాట్లాడను. ఆ రోజు పుట్టిన మా అమ్మాయి మూడో వరసలో ఉంది, అది వచ్చి చెబుతుంది ధన్యవాదాలు. నాకు సెలవు ఇప్పించండి.