పూటకో బీటా

"నెలకొకటా? నెలకొకటి రావడానికి అదేమన్నా కరెంటు బిల్లా?" అంటూ టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు బీటా రాయుడు.

ప్రెస్సుల్లో పేజీలు పేర్చుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఒకటి కొంతమంది కలిసి తయారుచేస్తున్నారు. ఇంకా పూర్తికాని వెర్షన్‌ని ముందే జనం మీదికి వదిలి, తప్పులుంటే చెప్పండి అనడం రాయుడి పని. అలాంటి వెర్షన్‌ని బీటా అంటారు, ఆ పేరు అందుకే వచ్చింది. ఇకనుంచి నెలకొకటి చాలని ఎవరో అడిగారట. దానిమీద సాయంత్రమే ఓటింగు. అది తలుచుకుంటే రాయుడికి ఒళ్లు మండిపోతోంది. ఎదురుగా ప్రెస్సు బాబాయి చేతికంటిన సిరా తుడుచుకుంటూ వింటున్నాడు. ఆయన ప్రెస్సు నడిచేది ఆ సాఫ్ట్‌వేర్‌ మీదే.

"మొదట్లో వారానికొకటే వదిలేవాణ్ణి. జనం ఊరుకుంటేగా? రోజుకొకటి చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పూటకొకటి. ఓసారి లిఫ్టులో ఇరుక్కుపోయాను, తలుపు తెరిచేలోపు నాలుగు వదిలాను."

"లిఫ్టులో సిగ్నలుండదుగా" అన్నాడు టీ మాస్టరు.

"నాకుంటుంది. మధ్యలో అడ్డురాకు. నా పెళ్లి ఫొటో చూడు, అందరూ కెమెరా వైపు చూస్తుంటే నేనొక్కణ్ణే కిందికి చూస్తుంటాను. ఎందుకనుకున్నావ్? వదులుతున్నా. నిద్రలో కూడా వదిలాను, కావాలంటే మీ వదిననడుగు. చివరికి నా స్పీడెంతదాకా వెళ్లిందంటే, మంగళవారం రాయబోయే మార్పు సోమవారమే జనం కంప్యూటర్లలో ఉంది. వాళ్లు బాగుందన్నాక తీరిగ్గా రాశాను. ఇన్ని వదిలితే ఒక్క ఫిర్యాదు, ఒక్కటంటే ఒక్కటి రాలేదు. అలాంటి నన్ను పట్టుకుని నెలకొకటి అంటాడా? ఎవరయ్యా ఆ పెద్దమనిషి?"

"నేనే" అన్నాడు బాబాయి.

రాయుడు గ్లాసు ఎత్తబోయి మళ్లీ కింద పెట్టాడు.

"నీ సాఫ్ట్‌వేర్‌లోనే ఫిర్యాదు రాద్దామని కూర్చుంటానురా. సగం రాసేసరికి, కొత్త వెర్షన్ వచ్చింది, ముందు అది వేసుకోమంటుంది. వేసుకుంటే రాసిందంతా పోతుంది. మళ్లీ మొదలు. వానలప్పటినుంచీ ఒకటే ఫిర్యాదు రాస్తున్నాను. ఇవాళ బడి పుస్తకాల కట్టలన్నీ అచ్చు సరిగా లేదని వెనక్కొచ్చాయి. ఇంకోసారి ఇలా అయితే ప్రెస్సుకు తాళం వేసుకోవడమే. రాలేదట, ఫిర్యాదు!"

టీ మాస్టరు స్టవ్వు తగ్గించాడు. ఎవరూ నవ్వలేదు.

"అయ్యో బాబాయ్, నాకేం తెలుసు? ఇప్పుడు చెప్పు, నోటితోనే చెప్పు" అని రాయుడు ముందుకు వంగాడు.

"ప్రతి పేజీలోనూ చివరి వరుస…" అంటుండగానే రాయుడు చెయ్యెత్తి ఆపాడు. రెండో చెయ్యి అప్పటికే బల్ల కింద ఫోను మీద ఉంది.

"ఒక్క క్షణం బాబాయ్. ఇప్పుడే ఇంకొకటి వదిలాను. అందులో చూసి చెప్పు."

టీ మాస్టరు రాయుడి ముందున్న గ్లాసు తీసేసి, బాబాయి వైపు తిరిగాడు.

"ఆ ఓటింగు ఎక్కడ బాబాయ్? నేనూ వస్తాను."