భోజనాల బల్ల మీది బడి

అలా కళ్లురిమి చూస్తే లాభం లేదండీ. పది రోజులు నోరు విప్పొద్దని డాక్టరుగారు మీ ముందే చెప్పారు. గొంతు ఆపరేషనంటే మాటలా? నలభై ఏళ్ల కాపురంలో ఇలాంటి అవకాశం ఇప్పుడే దొరికింది, వదులుకుంటానా?

అసలు నిన్నటిదాకా ఎనిమిది నెలలు ఈ భోజనాల బల్ల ఖాళీగా ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఉందా? ఎంత పేరున్న ఆర్కిటెక్టయితే ఏం, నాలుగంతస్తుల ఆఫీసు పెట్టుకుని, ప్రతి భవనానికీ చేసిన అట్ట నమూనా తెచ్చి నా బల్ల మీదే పెట్టేవారు. పిల్లలూ నేనూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం.

మొదట్లో మీవన్నీ పెట్టెలే. అగ్గిపెట్టెల్లా ఉన్నాయని మా చెల్లెలు నవ్వితే వారం రోజులు దానితో మాట్లాడలేదు మీరు. తర్వాత గ్రంథాలయం నమూనా మీద నేను వేడి గిన్నె దించానా, కప్పు కాస్తా లోపలికి కుంగింది. మీరేమో దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, అలాగే ఆఫీసుకి పట్టుకుపోయారు. ఆ వంపు చూసి, మీ పనిలో కొత్త దశ మొదలైందని పత్రికలవాళ్లు రాశారు.

ఆసుపత్రి సంగతో? బల్ల తుడుస్తూ నమూనాని రెండు ముక్కలు చేశాను. కంగారులో మధ్య జానెడు సందు వదిలేసి నిలబెట్టాను. ఇప్పుడు ఆ సందులో చెట్లున్నాయి, రోగులు ఎండకి కూర్చుంటున్నారు. బహుమతి కూడా వచ్చింది. వేదిక మీద ఆకాశం గురించి అరగంట మాట్లాడారు మీరు. నా తుడుపుగుడ్డ ఊసే లేదు.

మీకు తెలియకుండా నేనేదో చేసేస్తున్నానని ఇన్నాళ్లూ లోలోపల మురిసిపోయాను. మొన్న మీ పాత నోటుపుస్తకం దులుపుతుంటే కనబడింది. 'ఆసుపత్రి నమూనా ఇంటికి తీసుకెళ్లాలి. ఆవిడ ఏం చేస్తుందో చూడాలి.' ఎంత గడుసువారండీ.

మరి ఎనిమిది నెలల కిందట ఒప్పుకున్న ఈ బడి నమూనా ఎందుకు తేలేదూ అనుకున్నాను. అదే పుస్తకంలో బడివాళ్లకి మీరు రాసి, ఇంకా పంపని ఉత్తరం దొరికింది. నాలో కొత్తదేమీ మిగల్లేదు, ఈ బడి ఇంకెవరికైనా అప్పగించండి అని. నాతో ఒక్క మాటైనా అన్నారా? కోపమొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

అందుకే నిన్న ఆఫీసుకి ఫోన్ చేసి నమూనా తెప్పించాను. అదిగో, బల్ల మీద. కూర్చోండి, ఆవేశపడితే గొంతుకి మంచిది కాదు. అవును, తూర్పు గోడ పీకేశాను. పిల్లలకి బయట ఏదైనా కనబడాలా వద్దా? పెన్సిలెందుకు, గోడ మళ్లీ పెట్టమని రాయడానికా? మీరే పెట్టుకోండి, చేతులు బాగానే ఉన్నాయిగా.

పైన ఆ తెల్ల కప్పా? అట్ట దొరకలేదండీ. మీ ఉత్తరమే రెండు మడతలు పెట్టి నిలబెట్టాను. అది పంపాలంటే ముందు కప్పు పీకాలి. ఇక మీ ఇష్టం.