యిర్మియా దీపం

గోదావరిఖని, 1969. బుచ్చన్న మొదటి షిఫ్టు ముగించుకొని, రోజూలాగే మార్తమ్మ గుడిసె ముందు కూర్చున్నాడు. బొగ్గుబాయిలో కప్పు కూలిన రోజు నుంచి ఆమె మొగుడు యిర్మియా కనిపించలేదు. ఏడాదయింది.

"...ఒద్దని పాస్టరయ్యకు మొఖం మీదనే చెప్పిన."

"ఏం ఒద్దన్నవక్కా?"

"ఆదివారం చర్చిల మీ బావ పేరు మీద జ్ఞాపకార్థ ప్రార్థన చేస్తడట. బతికున్నోనికి గా ప్రార్థన ఏంది తమ్మీ?"

"ఏడాదాయె గదక్కా."

"అయితేంది? ఆయన నెత్తి దీపం పైకొచ్చిందా లేదా? దీపాల గదిల సదయ్య బుక్కుల రాసుకున్నడా లేదా? దీపం వాపసిచ్చినోడు బాయిల ఎట్లుంటడు?"

"ఉండడు... ఉండడు గని..."

"యాడికో పోయిండు, వస్తడు. నువ్వు గూడ దినాం అంటవు గద, వస్తడని?"

"అంట."

"మరి?"

"నమ్మాలె అనుకుంటే నమ్ముడైతదా అక్కా? అది మన చేతిల ఉంటదా?"

"ఎందుకుండదు? నేను నమ్ముతలేనా?"

"నాతోని గాలే. ఏడాది సంది జూస్తున్న, గాలే. ఆ దీపం... ఆ దీపం బావ తేలేదక్కా."

"చాయ తాగు."

"నేను తెచ్చిన. లోపల నా దీపం ఆరిపోయింది. 'నాది కట్టుకొని నడువు, నేను గోడ పట్టుకొని నీ ఎనకనే వస్త' అన్నడు. నా ఎనకనే కప్పు కూలింది."

"తాగు తమ్మీ, సల్లారుతది."

"ఆ దీపం సదయ్యకిచ్చిన. నంబరు జూసి, బావ పైకొచ్చిండని రాసుకున్నడు. నాది లోపల పోయిందన్న. మార్చుకున్నమంటే నౌకరి పోతదని భయమైంది. బావ కోసం ఎవ్వలు తవ్వలే. నాకు నోరు రాకముందే ఆడ గోడ కట్టి మూసేసిండ్రు. తిట్టక్కా. ఏమన్న అను."

"తిట్టిన. పొయ్యి ముందర కూసొని దినాం తిట్టిన."

"ఎవల్ని?"

"నిన్నే. ఆ దీపం నడుము బెల్టుకు పచ్చగుడ్డ పేలిక కట్టి ఉండె, యాదికున్నదా?"

"ఉన్నది. నీకెట్ల ఎరుక?"

"నా చీర పేలికే. నేనే కట్టిన. ఆ దినం బాయి కాడ జనంల నిలబడి, దాన్ని నీ నడుముకు జూసిన. అప్పుడేం సమజ్ గాలే. మూడోనాడు సదయ్య, మీ బావ దీపం వాపసొచ్చిందన్నప్పుడు సమజైంది. అప్పటికే గోడ కట్టిండ్రు."

"ఏడాది సంది ఎరుకేనా? మరి బతికున్నడని ఎందుకంటివక్కా?"

"ఈ గుడిసెకు ఇంకెవ్వలొస్తున్నరు? వస్తడక్కా అని చెప్పనీకి నువ్వొక్కనివే వస్తివి. రాడని నేనే అంటే, రేపు నువ్వెందుకొస్తవు తమ్మీ?"